3,200 రూపాయల ‘వైవిధ్యం పెట్టె’: ఎనిమిదో తరగతిలో నాలుగు నెలలు వాడి చూశాక

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, రివ్యూ చదివే టీచర్లకు మొదట కావాల్సింది అదే. పెట్టె ధర 3,200, కొరియర్‌కి ఇంకో 180. నా జేబులోంచే పెట్టాను. స్కూల్ గ్రాంట్‌లోంచి సగం ఇప్పిస్తానన్నారు మా హెచ్‌ఎం మేడం, తీరా బిల్లు చూస్తే స్కూలు పేరు బదులు నా పేరుంది, అక్కడితో ఆ కథ అయిపోయింది. మీరు కొంటే మాత్రం ఆర్డర్ పెట్టేటప్పుడే స్కూలు పేరు రాయించుకోండి.

కంపెనీ పేరు రాయడం లేదు. ఇందులో తిట్లూ ఉన్నాయి, పొగడ్తలూ ఉన్నాయి, వాళ్లు చిన్నవాళ్లు, ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడారు. సోషల్ టీచర్ల గ్రూపుల్లో ఇలాంటి పెట్టెలు ఇప్పుడు నాలుగైదు తిరుగుతున్నాయి, అన్నీ దాదాపు ఒకే అచ్చు. చరిత్ర, సినిమా, పాటలు, కామిక్స్ వాడి పిల్లలకు వైవిధ్యం గురించి చెప్పండి అంటాయి. కాబట్టి ఏది కొన్నా ఈ రివ్యూ పనికొస్తుంది.

నేను పటాన్‌చెరు పక్కన ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. చుట్టూ ఫ్యాక్టరీలు. ఎనిమిదో తరగతిలో 41 మంది. జూన్‌లో ఒకరోజు ఊరికే అడిగాను, ఇంట్లో అమ్మతో ఏ భాషలో మాట్లాడతారని. తెలుగు, లంబాడీ, ఉర్దూ, భోజ్‌పురి, ఒడియా, మరాఠీ, కన్నడ. ఒక్క గదిలో ఏడు. జహీరాబాద్ వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయికి వాటిలో మూడు వచ్చు, కానీ ఆ సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి రెండేళ్లుగా ఎవరికీ తెలియదు, నాకు కూడా. ఆ రోజు సాయంత్రం ఫోన్‌లో ఈ పెట్టె యాడ్ కనపడింది. టైమింగ్ అలా కుదిరి కొనేశాను, లేకపోతే నేను మూడు వేలు పెట్టే మనిషిని కాదు.

పెట్టెలో ఏముంటాయంటే, 60 కార్డులు, 10 ఖాళీ కార్డులు, అయిదు మీటర్ల గుడ్డ మీద అచ్చేసిన కాలరేఖ, ఒక పెద్ద పోస్టర్, టీచర్‌కి ఒక గైడు, వీడియోలకు క్యూఆర్ కోడ్‌లు. కార్డుల అట్ట గట్టిది, నలభై మంది చేతుల్లో నాలుగు నెలలు నలిగినా చివర్లు మాత్రమే లేచాయి. పెట్టె ఒక మూల నొక్కుకుపోయి వచ్చింది, దాన్ని పట్టించుకోలేదు.

గైడు తెలుగు గురించి మాత్రం పట్టించుకోవాలి. ఇంగ్లీషులో రాసి మిషన్ చేత తెలుగు చేయించి, ఒక్కసారి కూడా మనిషి చేత చదివించలేదని మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. ‘ఇతరుల బూట్లలో నిలబడమని విద్యార్థులను ఆహ్వానించండి’ అని ఉంది. మా వాళ్లలో సగం మంది చెప్పులతో వస్తారు, బూట్లు ఎవరివి అడగాలి? స్టాఫ్‌రూంలో ఈ వాక్యం చదివితే మా తెలుగు సార్ టీ పొలమారి పది నిమిషాలు దగ్గారు. కార్డుల మీది తెలుగు మాత్రం బాగుంది, అది వేరే ఎవరో రాసినట్టున్నారు. గైడు పక్కన పెట్టేసి కార్డులతో మొదలుపెట్టండి, అదే నా సలహా.

పోస్టర్‌తో మొదలుపెడితే నాకు జరిగినట్టే జరుగుతుంది. పోస్టర్ నిండా భారతదేశం పటం, ఒక్కో రాష్ట్రం మీద ఒక జంట, వాళ్ల బట్టలు, పక్కన ఒక వంట. మనందరం చిన్నప్పుడు చార్టుల మీద చూసిందే, గణతంత్ర దినోత్సవానికి పిల్లల్ని ఫ్యాన్సీ డ్రెస్‌లో నిలబెట్టేది కూడా ఇదే. అంచు మీద ‘గిరిజనులు’ అని ఒక గళ్లో అద్దాల లంగా వేసుకున్న లంబాడీ మహిళ బొమ్మ ఉంది. నేను అమాయకంగా మా తండా అమ్మాయిని లేపి, దీని గురించి నువ్వు చెప్పమ్మా అన్నాను. ఆ పిల్ల బొమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది, “మా అమ్మ గిట్ల ఏస్కోదు మేడం, మందుల కంపెనీల ప్యాకింగ్ జేస్తది, నీలం కోటు ఏస్తది” అంది. క్లాసు నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు. ‘మా నాయనమ్మ ఏస్కునేది’ అని చాలాసేపటికి, కూర్చున్నాక, పక్క పిల్లతో అంటుంటే విన్నాను.

తప్పు సగం పోస్టర్‌ది, సగం నాది. ఒక మనిషిని లేపి మీ వాళ్ల గురించి చెప్పు అనడం పిల్లలకు ఎంత ఇబ్బందో ఆ రోజు తెలిసింది. అయితే ఆ పోస్టర్ చేయించే పనే అది. ప్రతి గడిలో ఒక బట్ట, ఒక తిండి, ఎవరి గడిలో వాళ్లు. బిహారీ పిల్లవాడి నాన్న ఇక్కడ పదిహేనేళ్లుగా వెల్డింగ్ చేస్తున్నాడు, వాడికి బోనాల పాటలన్నీ వచ్చు, ఛఠ్‌కి మాత్రం చెరువు దగ్గర అమ్మతో పాటు నీళ్లలో నిలబడతాడు. వాణ్ని ఏ గళ్లో పెట్టాలి? పోస్టర్ ఇప్పుడు సైన్స్ ల్యాబ్ కిటికీకి ఎండ ఆపడానికి వాడుతున్నారు.

సరే, ఇక బాగున్న వాటి సంగతి.

గుడ్డ కాలరేఖ అద్భుతం. ఏడాదికి ఒక సెంటీమీటరు చొప్పున 1520 నుంచి 2020 దాకా. వరండాలో పరిచి, పిల్లల్ని దాని పక్కన కూర్చోబెట్టి, కార్డులు వాటి వాటి ఏళ్ల దగ్గర పెట్టించడమే. చార్మినార్ 1591 దగ్గర, మద్రాసు నుంచి ఆంధ్ర రాష్ట్రం విడిపోవడం 1953 దగ్గర, ఇలా. అయిదు వందల ఏళ్లంటే ఎంతో పిల్లలకు లెక్కల్లో తెలుసు గానీ నడిస్తే వేరుగా తెలుస్తుంది. మా వాడొకడు తాను పుట్టిన ఏడు మీద నిలబడి, వెనక్కి నడుచుకుంటూ వెళ్లి స్వాతంత్ర్యం దగ్గర ఆగి, “గింతేనా మేడం?” అన్నాడు.

ఆ గుడ్డ మీద మేం పెట్టిన అన్నింటిలోకి మంచి కార్డు పెట్టెలో వచ్చింది కాదు, ఖాళీ కార్డు మీద మేం రాసుకున్నది. పటాన్‌చెరు పాత పేరు పొట్లచెరువు. ఇబ్రహీం కుతుబ్‌షా 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలాడు, కుర్రతనంలో ఏడేళ్లు విజయనగరంలో తలదాచుకుని తెలుగు నేర్చుకున్నవాడు, మన కవులు ఆయన్ని మల్కిభరాముడని పిలుచుకున్నారు. ఆయన కింద పనిచేసిన అధికారి అమీన్‌ఖాన్. పొన్నిగంటి తెలగనార్యుడు సంస్కృత పదం ఒక్కటి పడకుండా అచ్చ తెలుగులో రాసిన మొదటి కావ్యం ‘యయాతి చరిత్ర’. దాన్ని అంకితం పుచ్చుకున్నది ఆ అమీన్‌ఖానే. ఇదంతా మా స్కూలు చుట్టుపక్కల జరిగిన వ్యవహారం. అమీన్‌పూర్ నుంచి ఆటోలో వచ్చే పిల్లలు ఆరుగురున్నారు, “మా అమీన్‌పూరేనా?” అని మూడుసార్లు అడిగారు. వాళ్లకు అమీన్‌పూర్ అంటే చెరువు, పక్షులు, కొత్త అపార్ట్‌మెంట్లు. వైవిధ్యం అన్న మాట కూడా ఆ చెరువు దగ్గర బోర్డు మీద ‘జీవవైవిధ్యం’ అని చదివి తెలిసినవాళ్లు.

అక్కడితో ఆగితే అది కూడా ఒక మంచి ముచ్చటగానే మిగిలిపోయేది. మా తెలుగు సార్ ఒక ఆట పెట్టారు. తెలగన్న చేశాడు కదా, మీరూ చేయండి, ఒక్క నిమిషం బయటి మాట పడకుండా అచ్చ తెలుగులో మాట్లాడండి అన్నారు. స్కూలు, పెన్ను, బస్సు పడితే ఔటని పిల్లలకు తెలుసు. జవాబు అన్నవాడు ఔట్. కాగితం ఔట్. కుర్చీ ఔట్. ఖాళీ, తయారు, తారీఖు, అన్నీ అరబ్బీ, పారసీల నుంచి ఉర్దూ మీదుగా మనదాకా వచ్చినవే. సబ్బు, బొత్తాం, ఇస్త్రీ అంటే అవి పోర్చుగీసువాళ్లు ఓడల్లో తెచ్చిన మాటలు, ఔట్. నలభై ఒక్క మందిలో నిమిషం నిలిచినవాళ్లు లేరు. అందరికంటే ఎక్కువ, ఇరవై రెండు సెకన్లు, నిలిచింది ఉర్దూ ఇంటి పిల్లవాడు, ఏది ఉర్దూ మాటో వాడికి తెలుసు కాబట్టి తప్పించుకుంటూ పోయాడు. వాణ్ని భుజాల మీద ఎత్తుకుని తిప్పారు. గైడులో 30 నిమిషాల ‘కృత్యాలు’ ఇరవై ఉన్నాయి, ఒక్కటీ దీనికి సాటి రాదు. అయితే గుడ్డా ఖాళీ కార్డులూ లేకపోతే మాకు ఈ ఆలోచనే వచ్చేది కాదు, ఆ క్రెడిట్ పెట్టెకు ఇవ్వాలి.

ఇక సినిమా కార్డులు. పిల్లలు ఎగబడేది వీటికే. ‘తెర’ అని ఒక కార్డు, ‘రికార్డు’ అని ఒక కార్డు జంటగా ఇచ్చారు, పక్కపక్కన పెట్టి తేడాలు పట్టుకోవాలి. ఆర్ఆర్ఆర్ జంట తీసుకుందాం, ఆ సినిమా చూడని పిల్లలు మా బడిలో లేరు. సినిమా కథ 1920లో మొదలవుతుంది, రాజు, భీమ్ ఢిల్లీలో కలుస్తారు, ప్రాణస్నేహితులవుతారు. రికార్డు కార్డు మీద, అల్లూరి సీతారామరాజు మన్యం తిరుగుబాటు 1922లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడులతో మొదలైంది, ఆయన 1924 మే 7న చనిపోయాడు. కొమురం భీమ్ జోడేఘాట్‌లో చనిపోయింది 1940లో. ఒకరిది మద్రాసు ప్రెసిడెన్సీ, ఒకరిది నిజాం రాజ్యం. మా పిల్ల స్కేలు తెచ్చి గుడ్డ మీద కొలిచింది, ఇద్దరి చావుల మధ్య పదహారు సెంటీమీటర్లు. “మరి కలవనే లేదా?” అని ఒక్కసారిగా గొల్లుమన్నారు, ఎవరో వాళ్ల దగ్గర డబ్బు కొట్టేసినంత బాధ. సినిమావాళ్లు కల్పన అని మొదటే చెప్పుకున్నారు, అది కూడా చెప్పాను. (వెనక బెంచీ నుంచి ఒకడు, ‘చోటా భీమ్ కూడా ఈయనేనా మేడం’ అన్నాడు. కాదురా, కానీ ఆ బొమ్మలు చేసింది మన హైదరాబాద్ కంపెనీయే అన్నాను. అది వాడికి మన్యం తిరుగుబాటు కంటే పెద్ద వార్త.)

ఇక్కడిదాకా పెట్టె పని చేసింది. తర్వాత జరిగింది పెట్టెలో లేదు, అదే నా పెద్ద ఫిర్యాదు. తేడాలు రాస్తుండగా ఒకడు లేచి, “అయితే భీమ్ నిజాం మీద కొట్లాడిండు, అంటే తుర్కోళ్ల మీద కొట్లాడినట్టే గద మేడం” అన్నాడు. క్లాసులో తొమ్మిది మంది ముస్లిం పిల్లలున్నారు. ఇందాక ఆటలో భుజాల మీద తిరిగినవాడు కూడా అందులోనే ఉన్నాడు. వాడికి ఆ సినిమాలో నచ్చిందే భీమ్ అక్తర్ అన్న పేరుతో ఒక ముస్లిం కుటుంబం ఇంట్లో దాక్కోవడం, ఆ సీన్ గురించి అయిదు నిమిషాల ముందే ఉత్సాహంగా చెప్పాడు. ఒక్కసారిగా గది చల్లబడింది.

పుస్తకంలో చూసి జవాబు చెప్పే విషయం కాదు, అలా అని రేపు చెప్తానని దాటేయడం అంతకంటే తప్పు. నాకు తెలిసినంత చెప్పాను. భీమ్ అడిగింది ఏమిటి? జల్, జంగల్, జమీన్. పోడు భూములు వదలండి, అడవిలో పశువులు మేపితే పన్నులేయకండి అని. ఆ పన్ను వసూలు చేసింది అటవీ శాఖ మనుషులు, వాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. నిజాం కింద ఊళ్లను పీడించిన దేశ్‌ముఖ్‌లు చాలామంది హిందువులు. విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టులో కొట్లాడి ప్రాణం పోగొట్టుకున్న బందగీ ముస్లిం రైతు. హైదరాబాద్ భారతదేశంలో కలవాలని పత్రికలో రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్లు చంపింది షోయబుల్లాఖాన్‌ని. భీమ్ చనిపోయాక ఆ నిజాం ప్రభుత్వమే హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుణ్ని గోండుల సంగతి చూడమని పంపింది, ఆయన మార్లవాయిలో ఉండి గోండీలో వాచకాలు రాయించి, గోండు టీచర్లకు శిక్షణ ఏర్పాటు చేశాడు, 1987లో ఆయన భార్య బెట్టీ చనిపోతే ఆమె సమాధి కూడా అక్కడే కట్టారు. ఇంటి భాషలో చదువు చెప్పడం గురించి మనం ఇవాళ మీటింగులు పెట్టుకుంటున్నాం, ఎనభై ఏళ్ల కిందట ఆదిలాబాద్ అడవిలో చేసి చూపించారు.

అది విని ప్రశ్న వేసినవాడు తలూపాడు, కానీ నేను గెలిచానని చెప్పను, ఇంటికి వెళ్లాక వాడి ఫోన్‌లో ఏమొస్తుందో నాకు తెలుసు. మర్నాడు రెండు ఖాళీ కార్డులు బందగీకి, షోయబుల్లాఖాన్‌కి ఖర్చయ్యాయి. నా ఫిర్యాదు ఏమిటంటే, సినిమాను, చరిత్రను పక్కపక్కన పెట్టమని చెప్పిన కంపెనీకి ఈ ప్రశ్న వస్తుందని తెలియకపోవడం ఎలా? ఏ ఊళ్లోనైనా, ఏ క్లాసులోనైనా వస్తుంది. రికార్డు కార్డు వెనక నాలుగు లైన్లు రాయడానికి బోలెడంత చోటు ఖాళీగా ఉంది. కొత్త టీచర్ అయితే ఆ గదిలో ఏం చేసేది?

యాసల కార్డు కూడా చెప్పాలి, ఇది నన్నే బోల్తా కొట్టించింది. ఇంట్లో చూసిన పది సినిమాల్లో హీరో, కమెడియన్, పనివాళ్లు, విలన్ ఎవరు ఎలా మాట్లాడారో పట్టిక వేయాలి. మా తరానికి ఇది మంటగా ఉండే విషయం, తెలంగాణ యాసంటే కమెడియన్‌కో రౌడీకో తప్ప పెట్టేవాళ్లు కాదు, నేను ఆ ఉపన్యాసం నోట్లో రెడీగా పెట్టుకుని కూర్చున్నాను. పిల్లల పట్టికలు చూస్తే సగం సినిమాల్లో హీరో హీరోయిన్లే మన యాసలో మాట్లాడుతున్నారు. “ఇప్పుడు అందరు గట్లనే మాట్లాడ్తరు గద మేడం” అన్నారు. నా ఉపన్యాసం మింగేశాను. అప్పుడు మా బిహారీ పిల్లవాడు, చెప్పనా వద్దా అన్నట్టు చెయ్యి సగం లేపి, “మేడం, విలన్ హిందీ కలిపి మాట్లాడ్తడు. ప్రతి సిన్మాల. మా ఊరు పేరొస్తే తుపాకీ వస్తది” అన్నాడు. పట్టికలు మళ్లీ తీశారు. పది జట్ల పట్టికల్లో ఏడింట అదే ఉంది, వేసినవాళ్లెవరికీ కనపడలేదు. ఆ గంట అయ్యాక స్టాఫ్‌రూంలో నోట్సులు దిద్దుతూ చూస్తే, అదే వారం నేను ‘చెప్పిండు’ రాసిన ఆరుగురికి ఎర్ర పెన్నుతో ‘చెప్పాడు’ అని దిద్ది ఉన్నాను. పరీక్షలో అలాగే రాయాలి కాబట్టి దిద్దుతాను, ఇప్పటికీ దిద్దుతున్నాను, కానీ ఎందుకో ఇప్పుడు పక్కన చిన్న వివరణ రాస్తున్నాను.

పాటల కార్డుల్లో మర్ఫా కార్డుకి నా ఓటు. బరాత్‌లో కొట్టే ఆ దరువు మా పిల్లలందరికీ తెలుసు, పెళ్లి ఏ మతం వాళ్లదైనా సరే ఎగరడానికి అదే. దాని వెనక నిజాం కొలువులోకి వచ్చిన యెమెన్ అరబ్బులు, ఆఫ్రికా సిద్దీలు ఉన్నారని వాళ్లకు తెలియదు. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది, ఏసీ అంటే ఎయిర్ కండిషన్ అనుకున్నారు, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అంటే ఆఫ్రికన్ గుర్రపు దళం ఉన్న చోటు. అక్కడే ఇంకో పేట బార్కస్ అంటే బ్యారక్స్, నిజాం దగ్గర పనిచేసిన అరబ్బు సైనికులుండేవాళ్లు. క్యూఆర్ వీడియో తెరుచుకోలేదు, లాగిన్ అడిగింది, ఓటీపీ రాలేదు, నెట్ పోయింది, అన్నీ మామూలే. డెస్కుల మీద దరువేసి మేమే పాడుకున్నాం. పక్క క్లాసు లెక్కల సార్ వచ్చి తలుపు దగ్గర నిలబడి కోప్పడతారనుకుంటే, “ఇంకా గట్టిగ కొట్టుర్రి” అని వెళ్లిపోయారు.

ఇప్పుడు 47వ కార్డు. దీని గురించి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘మాలపిల్ల’, చలం కథ, కాంచనమాల నటించింది. అంటరానితనం మీద అంత ముందుగా అంత సూటిగా తీసిన సినిమా, ఆ కాలానికి అదెంత ధైర్యమో పిల్లలకు చెప్పాలనే నేనూ అనుకుంటాను. కానీ కార్డు మీద సినిమా పేరు రెండంగుళాల అక్షరాల్లో ఉంది. గైడులో ‘విద్యార్థులతో చర్చించండి, 10 నిమిషాలు’ అని ఒక్క లైను. మా క్లాసులో ఆ వాడ నుంచి వచ్చే పిల్లలు పదకొండు మంది. ఆ కులం పేరు ఊళ్లో ఏ గొంతుతో వాడతారో గైడు రాసినవాళ్లకు తెలియదా? ఆ కార్డు బల్ల మీద పడేస్తే తర్వాతి వారం ఆడుకునే చోట ఎవరి మీద ఏ మాట పడుతుందో నేను ఊహించగలను. పది నిమిషాల్లో అది సర్దుకోదు.

47 తీసి బీరువాలో పెట్టాను. దానికి బదులు మా తెలుగు సార్‌తో కలిసి జాషువాతో మొదలుపెట్టాం. ‘గబ్బిలం’ 1941లో వచ్చింది. గుళ్లోకి మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది, అందుకని కవి తన బాధ శివుడి చెవిలో చెప్పిరమ్మని గబ్బిలాన్ని పంపుతాడు. సార్ పద్యం పాడారు, నేను ఏమీ వివరించలేదు. ఎవర్నీ లేపలేదు, మీ ఇంట్లో ఏముందో చెప్పమనలేదు, పోస్టర్ దగ్గర నేర్చుకున్న పాఠం అది. రెండు రోజులయ్యాక ఒకమ్మాయి గుడ్డ దగ్గరికి వచ్చి ఖాళీ కార్డు ఒకటి అడిగి తీసుకెళ్లింది. మర్నాడు తెచ్చింది. “మా తాత చెప్పిండు, హోటల్ల మాకు గ్లాసు వేరే ఉండేదంట, చాయ్ తాగినంక కడిగి పెట్టాల్నంట” అని రాసి ఉంది, అంతే. ఏ ఏడాది దగ్గర పెట్టాలో తెలియక తాతకి ఫోన్ చేసి కనుక్కుని 1982 దగ్గర పెట్టింది. చార్మినార్ నుంచి ఇటు నడుస్తూ వచ్చే పిల్లలందరూ ఆ కార్డు దగ్గర వంగి చదివి వెళ్తున్నారు. నేను దాని మీద ఇంతవరకూ పాఠం చెప్పలేదు. 47వ కార్డు కూడా ఒకరోజు బయటికి తీస్తాను, తొమ్మిదో తరగతికి వచ్చాకేమో.

అరవై కార్డుల్లో లేనివాళ్ల గురించి కూడా ఒక మాట. రోజా పార్క్స్ ఉంది, మండేలా ఉన్నాడు, ఉండాల్సిందే, 1955 బస్సు కథ పిల్లలకు బాగా పట్టింది, ఆర్టీసీ బస్సుతో పోల్చుకుని గంటసేపు మాట్లాడారు. కానీ 1906లో హైదరాబాద్‌లో జగన్మిత్ర మండలి పెట్టి, దళిత పిల్లలకు బడులు తెరిచిన భాగ్యరెడ్డి వర్మ లేడు. అమెరికా బస్సు దొరికినవాళ్లకు మన నగరంలోని బడి ఎందుకు దొరకలేదో కంపెనీ వాట్సాప్‌కి పెట్టాను. రెండో ఎడిషన్‌లో చూస్తామన్నారు. ఈ సమాధానం ఎన్ని చోట్ల విన్నామో మనకు తెలుసు, అయినా అడిగినందుకు థ్యాంక్స్ చెప్పారు, మసకగా అచ్చయిన మూడు కార్డులకు బదులు కొత్తవి వారంలో పంపారు, డబ్బు అడగలేదు. సర్వీసుకి పూర్తి మార్కులు.

చివర్లో ఒక ‘మూల్యాంకన పత్రం’ ఇచ్చారు. ‘వైవిధ్యం అనగానేమి? 2 మార్కులు.’ నేను ప్రింట్ తీయలేదు.

కొనొచ్చా అని అడిగితే, మీ బడిలో ఇద్దరు ముగ్గురు టీచర్లు కలిసి ఒకటి కొనుక్కోండి, ఒక్కరికి ఇది ఎక్కువ ధర. సోషల్, తెలుగు కలిసి చేస్తేనే బాగుంటుంది, నేను ఒక్కదాన్నే చేసిన గంటలన్నీ చప్పగా పోయాయి. సిలబస్ టెన్షన్ ఉన్నవాళ్లు వారానికి ఒక్క పీరియడ్ పెట్టుకోండి, ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టు మార్కులకు కూడా చూపించుకోవచ్చు, నేను అలాగే చేశాను. ప్రైవేటు స్కూళ్లవాళ్లు గోడకు అందంగా ఉంటుందని ఆ పోస్టర్ కోసమే కొంటారేమో, వాళ్లను ఆపలేను. అయిదుకి మూడున్నర ఇస్తున్నాను, అందులో రెండు ఆ గుడ్డకే. గైడు మనిషి చేత మళ్లీ రాయించి, కార్డుల వెనక ఖాళీల్లో వచ్చే ప్రశ్నలకు దారి చూపిస్తే నాలుగున్నర కూడా ఇస్తాను.

ఖాళీ కార్డులు అక్టోబరుకే అయిపోయాయి. విడిగా అమ్మరట, అడిగాను. పిల్లలు ఇళ్ల నుంచి పాత పెళ్లి పత్రికలు తెస్తున్నారు, శుభలేఖలూ ఉన్నాయి, ఉర్దూలో అచ్చేసిన దావత్‌నామాలూ ఉన్నాయి. వెనక తెల్లగా ఉన్న వైపు కత్తిరించి రాస్తున్నాం, గుడ్డ మీది గళ్లకు సైజు సరిగ్గా సరిపోతోంది.